ఒకటో తరగతి గదిలో బతుకమ్మ: పిల్లల చేతులతో పేర్పించే పద్ధతి

మా బడిలో మొదటిసారి బతుకమ్మ చేసిన ఏడాది నేనూ అందరిలాగే చేశాను. పొద్దున ఏడింటికే నలుగురు టీచర్లం చేరి నడుమెత్తు బతుకమ్మ పేర్చాం. పిల్లలు పట్టులంగాలు, పూలజడలతో తొమ్మిదింటికి వచ్చారు. "ముట్టుకోవద్దు, చెదిరిపోతది" అని ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. పిలిచిన అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఈలోగా ఎండలో నిలబడ్డ చిన్నపిల్లల్లో ఇద్దరు ఏడుపు అందుకున్నారు. సౌండ్ బాక్సులో పాటలు పెడితే పెద్ద క్లాసుల ఆడపిల్లలు ఆడారు, చిన్నవాళ్లు చూశారు. అంతా అయ్యాక ఒకటో తరగతి పిల్ల ఒకతి నా కొంగు పట్టుకుని "టీచర్, నేనెప్పుడు పెట్టాలె పువ్వు?" అని అడిగింది. అప్పటికే బతుకమ్మను ఆటో ఎక్కించేశారు.

మరుసటి ఏడాది నుంచి నడుమెత్తు బతుకమ్మ మానేశాం. అతిథిని పిలవడం కూడా మానేశాం. ఇప్పుడు పిల్లలే అన్నం కంచాలంత బతుకమ్మలు పేరుస్తారు. అవి వంకరగా వస్తాయి, ఒకటి రెండు కూలిపోతాయి కూడా. కానీ ప్రతి పువ్వూ వాళ్లు పెట్టిందే. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పిల్లలు, ముప్ఫై మంది ఉన్న క్లాసు, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక వారం టైం. ఇదీ నా లెక్క. మీ దగ్గర ఉన్నదాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

ముందు క్యాలెండర్ చూసుకోండి

బతుకమ్మ భాద్రపద అమావాస్యతో, అంటే పెత్రమాసతో మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. తిథి ప్రకారం వచ్చే పండుగ కాబట్టి తేదీ ఏటా మారుతుంది. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న వచ్చింది, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న. దసరా సెలవులు కూడా దాదాపు అప్పుడే మొదలవుతాయి. అందుకని బడిలో చేసేది ఎక్కువసార్లు సెలవులకు ముందు రోజే, అంటే పెత్రమాసకు ఒకటి రెండు రోజుల ముందే అవుతుంది.

దీని మీద ఊళ్లో పెద్దవాళ్లు ఒక మాట అంటారు, సిద్ధంగా ఉండండి: "పెత్రమాస రాకముందే బతుకమ్మ ఏంది?" నేనైతే వాళ్లతో వాదించను. బడిలో పిల్లలు పేర్చడం నేర్చుకుంటారు, పండుగ ఇంటి దగ్గరే చేసుకుంటారు అని చెబుతాను. అయినా ఒప్పుకోకపోతే బొడ్డెమ్మ ఉంది. బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పక్షంలో పెళ్లికాని ఆడపిల్లలు ఆడుకునేది అదే. పీట మీద పుట్టమట్టితో మెట్లు మెట్లుగా దిమ్మె కట్టి పూలు గుచ్చుతారు. చిన్నపిల్లల చేతులకు పూల కంటే మట్టే సులువు కాబట్టి నర్సరీ, అంగన్‌వాడీ పిల్లలతో అయితే బొడ్డెమ్మే మేలని నా అభిప్రాయం.

ఇళ్లకు చీటీ

వారం ముందు ప్రతి ఇంటికీ నాలుగు వాక్యాల చీటీ పంపండి. ఏ రోజు, ఏం చేయిస్తున్నాం, పిల్లలు ఏం తింటారు, ఏం వేసుకుని రావాలి. అంతకంటే ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు.

బట్టల సంగతి గట్టిగా రాయండి: కొత్తవి వద్దు, పాతవే. ఒక ఏడాది ఈ మాట రాయడం మరిచిపోయాను. గునుగు పూలకు అద్దిన గులాబీరంగు పదకొండు మంది తెల్ల చొక్కాలకు అంటింది. ఆ పదకొండు మంది అమ్మలూ మర్నాడు బడి గేటు దగ్గరికి వచ్చారు. పైగా కొత్త లంగా కొనలేని ఇంట్లో పండుగ రోజు బడికి పోనని పిల్ల మొండికేస్తుంది. పాత బట్టలన్నామంటే ఆ బాధ ఉండదు.

క్లాసులో వేరే మతాల పిల్లలు ఉంటారు. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు, నిర్లక్ష్యమూ పనికిరాదు. పిల్లల తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బడిలో మత బోధనలో గానీ పూజలో గానీ పాల్గొనాలని ఒత్తిడి చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మత బోధనే ఉండకూడదు. అందుకని మా గదిలో హారతి, కొబ్బరికాయ, మంత్రం పెట్టం. పూలు, పాట, ఆట, తిండి, అంతే. చిన్నపిల్లలకు ఇందులో లోటేమీ కనిపించదు. బతుకమ్మలో వాళ్లను పట్టి లాగేది కూడా అవే. ఒకసారి ఒక ముస్లిం తల్లి వచ్చి "పూలు పేర్చనీయండి టీచర్, బొట్టు మాత్రం పెట్టకండి" అంది. ఆ రోజు నుంచి ఎవరికీ మేం బొట్టు పెట్టడం లేదు. ఇంటి నుంచి పెట్టుకొచ్చిన వాళ్లది వాళ్లకుంటుంది.

పూలకు, తిండికి అలర్జీ ఉన్న పిల్లలెవరో కూడా చీటీలోనే అడగండి. నువ్వులు, పల్లీలు పడని పిల్లలు మీరు అనుకున్నదాని కంటే ఎక్కువే ఉంటారు.

పూలు: ఏవి తేవాలి, ఏవి తేవద్దు

గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ లేదు. తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయిందీ ఆ ఏడాదే. వీటికి తోడు బంతి, చామంతి, సీతమ్మజడ, కట్లపూలు, పైన పెట్టడానికి గుమ్మడిపూలు, దొరికితే బీరపూలు. ముప్ఫై మంది పిల్లలు ఐదుగురు చొప్పున ఆరు జట్లు అనుకుంటే మాకు ఇంత పడుతుంది:

- గునుగు: రెండు చేతుల్లో పట్టేంత కట్టలు పన్నెండు
- తంగేడు: ఆకులతో సహా ఒక బియ్యం సంచి నిండా
- బంతి: రెండు కిలోలు, పసుపూ ఎరుపూ కలిపి
- చామంతి, సీతమ్మజడ: తలా అర కిలో
- గుమ్మడిపూలు: ఆరు, కూలినవాటి కోసం ఇంకో రెండు
- అడుగున పరచడానికి గుమ్మడి ఆకులు, లేదా మోదుగ, అరటి ఆకులు

గునుగు నిజానికి చేలో కలుపు మొక్క. కలుపు మందు కొట్టిన చోట అది బతకదు, అందుకే పూర్వం ఊరిచుట్టూ దొరికేది ఇప్పుడు బీడు భూముల్లో వెతకాల్సి వస్తోంది. పత్తిచేల గట్ల మీద కనిపిస్తే మాత్రం తొందరపడి కోయకండి. బతుకమ్మ రోజుల్లో పత్తికి పురుగుమందు కొడుతూనే ఉంటారు. చేను ఎవరిదో కనుక్కుని, మందు ఎప్పుడు కొట్టారో అడిగి తర్వాతే కోయండి. మార్కెట్లో కొన్నదైనా సరే, బకెట్ నీళ్లలో రెండుసార్లు ముంచి తీయాలి.

తేకూడనివి గట్టిగా గుర్తుపెట్టుకోండి. గన్నేరు అందంగా ఉంటుంది, చాలామంది పెద్దవాళ్లు బతుకమ్మలో పెడతారు కూడా. కానీ గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త మూడూ విషమే. నాలుగేళ్ల పిల్లల చేయి నోట్లోకి పోకుండా ఆపే టీచర్ ఇంకా పుట్టలేదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఇక వయ్యారిభామ. తెల్లటి చిన్న పూలతో గునుగు పక్కనే పెరుగుతుంది, తెలియనివాళ్లు రెండూ కలిపి కోసుకొస్తారు. దాన్ని ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దురద, దద్దుర్లు. సంచి విప్పగానే ముందు దాన్ని ఏరి పారేయండి.

పూలు ముందురోజు సాయంత్రమే తెచ్చి, తడిగుడ్డ కప్పి నీడన పెట్టండి. తంగేడు త్వరగా రాలుతుంది కాబట్టి దాన్ని కొమ్మలతోనే బకెట్ నీళ్లలో నిలబెట్టాలి. పొద్దున్నే ప్రతి కట్టనూ బయట దులపండి. చీమలు, గొంగళిపురుగులు గదిలోకి రాకముందే పోతాయి. గుమ్మడిపువ్వును మాత్రం విప్పి లోపల చూడండి, తేనెటీగ నిద్రపోతూ ఉండొచ్చు.

గునుగుకు రంగులద్దడం పిల్లలతో వద్దు. బజారులో అమ్మే పొడి రంగులు కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లలో మిఠాయిలకు వాడే ఫుడ్ కలర్ కలిపి, కట్ట కొసలను ముంచి, తలకిందులుగా తీగ మీద ఆరేయండి. తెల్లారేసరికి ఆరిపోతుంది. సగం కట్టలను రంగు వేయకుండా అలాగే ఉంచండి. ఆ వెండిరంగు గులాబీ ఛాయ పిల్లలకు ఎంత నచ్చుతుందో చూస్తే రంగులు మానేయాలనిపిస్తుంది.

వారం రోజులు: ఒక్క రోజు పని కాదు

పండుగ రోజు ఒక్కరోజులో అన్నీ చేయించబోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందు మూడు రోజులు రోజుకు అరగంట చొప్పున పంచుకోండి, ఆ తర్వాతే పేర్చే రోజు.

మొదటి రోజు ఒక్కో పువ్వూ ఒకటి రెండు చాలు, చేతికివ్వండి. చూసి చెప్పమనడం కాదు, కళ్లు మూసుకుని ముట్టుకుని చెప్పమనండి. బంతి ముద్దగా, గునుగు గరుకుగా, సీతమ్మజడ మఖమల్ గుడ్డలా ఉంటాయి. ఎండిన గునుగును తెల్లకాగితం మీద దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి, ఆవాల కంటే చిన్నవి. ఈ ఒక్క పనితో మా పిల్లలు ఇరవై నిమిషాలు చప్పుడు చేయకుండా కూర్చున్నారు. నా సర్వీసులో అంత నిశ్శబ్దం తక్కువసార్లు చూశాను.

రెండో రోజు కథ. బతుకమ్మ పుట్టుక గురించి ఊరికో కథ ఉంది. వాటిలో చాలావరకు చావులతో, కష్టాలతో నిండినవే. చిన్నపిల్లల ముందు అవన్నీ విప్పకండి. ధర్మాంగదుడు, సత్యవతి అనే రాజు, రాణి కథ ఉంది కదా, అందులో యుద్ధంలో కొడుకులు పోయిన భాగం వదిలేసి, పుట్టిన పాపను చూసి అందరూ "బతుకు అమ్మా" అని దీవించారు, అందుకే ఆ పేరు అని చెబితే చాలు. తర్వాత పిల్లలందరినీ గుండ్రంగా నిలబెట్టి, పక్కనున్న వాళ్ల తల మీద చేయి పెట్టి "బతుకు" అని పేరు కలిపి దీవించమంటాను. "బతుకు లడ్డూ" అని ఒకడు స్నేహితుణ్ణి ముద్దుపేరుతో దీవించాడు. క్లాసంతా నవ్వింది, ఆ పిల్లవాడు ఏడాదంతా లడ్డూగానే ఉన్నాడు.

అదే రోజు తొమ్మిది రోజుల పేర్లు చెప్పండి: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. దాదాపు అన్నీ తిండి పేర్లే కాబట్టి పిల్లలకు ఒక్కసారి చెబితే వచ్చేస్తాయి. వాళ్లను పట్టేసేది ఆరో రోజు. ఆ రోజు బతుకమ్మ అలిగింది కాబట్టి పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. "ఎందుకు అలిగింది?" అని నేను చెప్పను, వాళ్లనే అడుగుతాను. వాళ్ల తమ్ముడికి ఎక్కువ అట్లు పెట్టారట. ఎవరూ ఆడడానికి రమ్మనలేదట. జడ గట్టిగా వేశారట. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఈ జవాబుల్లో తెలిసిపోతుంది, చెవి పెట్టి వినండి.

మూడో రోజు పేర్చడం ప్రాక్టీసు, పూలు లేకుండా. సీసా మూతలు, గులకరాళ్లు, చింతగింజలతో నేల మీద ఒక వలయం, దాని లోపల ఇంకోటి, దాని లోపల ఇంకోటి పెట్టమనండి. పెద్ద వలయానికి ఎన్ని పట్టాయి, చిన్నదానికి ఎన్ని? ఒక ఎర్రది ఒక పసుపుది వరుస తప్పకుండా వస్తుందా? లెక్కల క్లాసు విడిగా తీసుకోనక్కర్లేదు. బతుకమ్మ గోపురంలా పైకి ఎందుకు సన్నబడుతుందో కూడా పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది. వలయాలను ఒకదాని మీద ఒకటి ఊహించుకోమంటే చాలు.

పేర్చే రోజు

బెంచీలు గోడకు నెట్టి, నేల మీద ఆరు చోట్ల పాత చాపలు పరవండి. ప్రతి చాప మీద ఒక స్టీలు కంచం, పక్కన ఆకులు, పూలు వేరువేరు గంపల్లో. కత్తెర, బ్లేడు, దారం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

గునుగు కాడలను పిల్లల బొటనవేలి పొడవుకు ముందే కోసి ఉంచాలి. నిజానికి గుట్టంతా ఈ కాడలోనే ఉంది. పువ్వు బయటికి, కాడ లోపలికి పెడతాం కాబట్టి కాడ ఎంత పొడవుంటే ఆ వరుస అంత వెడల్పుగా, స్థిరంగా కూర్చుంటుంది. పొట్టి కాడలైతే పూలు బయటికి దొర్లిపోతాయి, మరీ పొడవైతే నడుమ ఒకదానికొకటి తగులుకుని ఉబ్బుతాయి. పెద్దవాళ్లు ఎనిమిది పది గునుగులను దారంతో కట్టలు కడతారు. పిల్లల చేతికి ముడి రాదు కాబట్టి మేం ఐదింటికో చిన్న రబ్బరు బ్యాండు వేసి ఇస్తాం.

ఇప్పుడు కంచం మీద ఆకులు పరవమనండి. ఆకు అంచు కంచం బయటికి కొద్దిగా రావాలి. నడుమ ఒక స్టీలు గ్లాసు బోర్లించండి. దీన్ని చూసి మా అమ్మ ముక్కు విరిచింది, "గ్లాసు మీద బతుకమ్మేంది" అని. కానీ చిన్నపిల్లలు పేర్చేది కూలకుండా నిలబెట్టేది ఆ గ్లాసే. రెండో తరగతి వాళ్లయితే గ్లాసు లేకుండా ప్రయత్నించొచ్చు.

మొదటి వరుస తంగేడు. కంచం అంచు నుంచి వేలెడు లోపలికి, పువ్వు బయటికి చూసేలా చుట్టూ పెట్టాలి. జట్టులో ఐదుగురూ కంచం చుట్టూ కూర్చుంటారు కాబట్టి ఎవరి ముందున్న భాగం వాళ్లే నింపాలని చెప్పండి. లేకపోతే పక్కవాడి వైపు చేయి పోతుంది, గొడవ మొదలవుతుంది. వరుస పూర్తికాగానే అందరూ చేతులు వెనక్కి కట్టుకోవాలి, అప్పుడు పెద్దవాళ్లు నడుమ ఖాళీని తంగేడు ఆకు తునకలతో నింపి అరచేత్తో మెల్లగా అదుముతారు. ఆకుతో నడుమను సమానం చేయకుండా రెండో వరుస పెట్టారో, బతుకమ్మ మూడో వరుసకే ఒక పక్కకు ఒరుగుతుంది.

రెండో వరుస గునుగు, మూడోది బంతి, నాలుగోది మళ్లీ రంగు గునుగు, ఐదోది చామంతి. ప్రతి వరుస కింది దాని కంటే కాస్త లోపలికి జరగాలి. "కింది పువ్వు ముక్కు కనపడాలె" అని చెబితే పిల్లలకు అర్థమవుతుంది. "అర అంగుళం" అంటే అర్థం కాదు. నాలుగేళ్ల పిల్లలు రెండు వరుసలకే అలసిపోతారు, అక్కడికి గుమ్మడిపువ్వు పెట్టేసి ముగించండి. ఆరు, ఏడేళ్ల వాళ్లకు నలభై నిమిషాలు పడుతుంది.

ఒకటే ఒక నియమం పెద్దవాళ్లకు: సరిచేయవద్దు. వంకరగా ఉన్న పువ్వును పిల్లలు చూడనప్పుడు తిప్పి పెట్టడం కూడా సరిచేయడమే. మా ఆయమ్మకు ఈ మాట వంటబట్టడానికి రెండేళ్లు పట్టింది, పాపం చేయి ఊరుకోదు ఆమెకు. కూలిపోతే? కూలిపోనివ్వండి. ఒకసారి ఒక జట్టు బతుకమ్మ నాలుగో వరుసలో ధబేలుమని పడింది. నేను ఓదార్చడానికి లేచేలోపే వాళ్లలో ఒకడు "టీచర్, అలిగింది!" అన్నాడు. మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టారు.

పసుపు గౌరమ్మను చేయాలా? ఇంటి దగ్గర గుమ్మడిపువ్వు నడిమి భాగాన్నో పసుపు ముద్దనో గౌరమ్మగా పైన పెడతారు. బడిలో గుమ్మడిపువ్వుతో ఆపేస్తే అందరికీ సరిపోతుంది. అగరువత్తులు, దీపం గదిలో వద్దు. ఆకులు, పాత చాపలు, ముప్ఫై మంది పిల్లలున్న చోట నిప్పెందుకు?

మగపిల్లలను ఏం చేయాలని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఊళ్లో తంగేడు, గునుగు కోసుకొచ్చేది ఎవరు? తెల్లవారుజామున సైకిళ్లేసుకుని పోయే అన్నలు, నాన్నలే కదా. బతుకమ్మ ఆడవాళ్ల పండుగే, కాదనను. కానీ ఐదేళ్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటే వాడు అల్లరి తప్ప ఏం చేస్తాడు? మా గదిలో అందరూ పేరుస్తారు, అందరూ ఆడతారు.

ఆట, పాట

సౌండ్ బాక్స్ తీసేయండి. డీజే పాటకు చిన్నపిల్లలు గెంతుతారు, బతుకమ్మ ఆడరు. ఒక్క గొంతు చాలు, అదీ మీదే. రాగం తప్పినా ఫర్వాలేదు. మీకు అస్సలు రాకపోతే ఒక నానమ్మను పిలవండి. పిలిస్తే రాని నానమ్మను నేను చూడలేదు.

ఆరు బతుకమ్మలనూ నడుమ పెట్టి చుట్టూ సుద్దతో పెద్ద వలయం గీయండి. వలయం మీద అడుగు దూరానికో చుక్క పెట్టండి. బతుకమ్మ ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండేలా తిరగాలి, గుడి చుట్టూ తిరిగినట్టే. చుక్క మీదికి ఒక అడుగు, వంగి ఒక చప్పట్టు, లేచి ఇంకో చప్పట్టు. ముందు పాట లేకుండా, ఒక అడుగు, రెండు చప్పట్లు అని లెక్కపెడుతూ పది నిమిషాలు చేయించండి. అడుగు, చప్పట్టు కలిశాకే పాట అందుకోవాలి. రెండూ ఒకేసారి నేర్పబోతే రెండూ పోతాయి.

పాటలో పిల్లలకు ఒక్క మాట వస్తే చాలు: "ఉయ్యాలో". మీరో వాక్యం అనండి, వాళ్లు ఉయ్యాలో అంటారు. రెండు రౌండ్లయ్యాక వాక్యాలు కూడా వాళ్లనే కట్టమనండి. పాత పాటలు నేర్పకూడదని కాదు, అవి ఇంటి దగ్గర, వీధిలో ఎలాగూ వింటారు. క్లాసులో వాళ్లు కట్టినవి ఇలా ఉంటాయి:

మా తాత మేకను ఉయ్యాలో
సంతల కొన్నడు ఉయ్యాలో
మేక నా పుస్తకం ఉయ్యాలో
నమిలి మింగింది ఉయ్యాలో

రెండో తరగతి పిల్ల కట్టిందిది. ఆ వారం ఆమె హోంవర్క్ ఎందుకు చేయలేదో నాకప్పుడు తెలిసింది. వాక్యాలను వెంటనే బోర్డు మీద రాసిపెడితే మర్నాటి తెలుగు పాఠం అదే. తాము కట్టిన పాటను చదవడానికి వెనకాడే పిల్లలు ఉండరు.

ఆట పది పన్నెండు నిమిషాలకు మించనీయకండి. తలలు తిరుగుతాయి, నీళ్లు తాగించాలి.

తిండి

ఐదు రకాల సద్దులు, సత్తుపిండ్లు అన్నీ చేయాలని పోకండి. బతుకమ్మ రెండో రోజు నైవేద్యమైన అటుకులు, బెల్లం క్లాసుకు సరిగ్గా సరిపోతాయి. పొయ్యి అక్కర్లేదు. ముప్ఫై మందికి కిలో పలచని అటుకులు, అరకిలో బెల్లం తురుము, ఒక కొబ్బరికాయ తురిమితే చాలు. అటుకుల మీద నీళ్లు చిలకరించి, బెల్లం, కొబ్బరి కలిపి పది నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి. కలిపే పని పిల్లలదే, చేతులు సబ్బుతో కడిగించాక. మరీ చిన్నపిల్లలకు పల్లీలు, పుట్నాలు అందులో వేయకండి, గొంతుకు అడ్డం పడతాయి.

ఇంకో పని బాగుంటుంది. ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండి ముద్దను వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఉడికించి చల్లార్చిన పిండి ముద్ద చేతికిస్తే పిల్లలు అరచేతుల మధ్య రుద్ది గుట్టలు గుట్టలుగా వేపకాయలు చేస్తారు. రాత నేర్చుకునే వేళ్లకు ఇంతకు మించిన కసరత్తు ఏముంటుంది! వేయించడం మాత్రం మధ్యాహ్న భోజనం వండే అమ్మ చూసుకోవాలి, పిల్లలు వంటగది గడప దాటకూడదు.

తిండి పంచేటప్పుడు వాయినం ఆట ఆడించండి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఆకులో అటుకులు పట్టుకుని "ఇస్తినమ్మ వాయినం" అనాలి, ఇంకొకరు "పుచ్చుకుంటినమ్మ వాయినం" అని రెండు చేతులతో తీసుకోవాలి. తర్వాత మార్చుకోవాలి. మా పిల్లలు దీన్ని పండుగ తర్వాత కూడా వదల్లేదు. పెన్సిల్ ఇచ్చినా వాయినమే, రబ్బరు ఇచ్చినా వాయినమే.

సాగనంపడం

చెరువుకు తీసుకుపోవద్దు. పెద్ద పిల్లలతో అయినా సరే, బడి తరఫున నీళ్ల దగ్గరికి పోవడమే వద్దు. బతుకమ్మ రోజుల్లో చెరువులు నిండుగా ఉంటాయి, గట్లు జారుడుగా ఉంటాయి. బడి ఆవరణలో ఒక పెద్ద టబ్బులో నీళ్లు పోయండి. ముందు గ్లాసు తీసేసి, రబ్బరు బ్యాండ్లు విప్పండి. తర్వాత ఒక్కో జట్టు తమ కంచాన్ని అందరూ కలిసి పట్టుకొచ్చి, పోయిరమ్మని చెప్పి పూలను నీళ్లలోకి జారవిడుస్తుంది. కొందరు ఏడుస్తారు. తాము గంటసేపు కూర్చుని కట్టింది పోతోంది మరి. వాళ్లను తొందరపెట్టకండి. ఒక పువ్వు ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి. ఒక పిల్ల బంతిపువ్వును జేబులో పెట్టుకుపోయి, సెలవుల తర్వాత ఎండిపోయిన దాన్ని అలాగే తిరిగి తెచ్చింది.

పూలను టబ్బులోంచి తీసి బడి వెనుక గుంతలో వేసి మట్టి కప్పుతాం.

పూలు దొరకని చోట

హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల మధ్య ఉన్న బడి అయితే గునుగు కొనక తప్పదు. పండుగ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి మూడు రోజుల ముందే తెచ్చి నీడన వేలాడదీయండి. గునుగు ఎండినా ఆకారం చెడదు. ఆంధ్రా వైపు బడుల్లో బతుకమ్మ అలవాటు లేకపోయినా సంక్రాంతి గొబ్బెమ్మలు ఉన్నాయి. వాటి చుట్టూ తిరిగి పాడే పిల్లలకు ఈ ఆట ఒక్క రోజులో వచ్చేస్తుంది.

అమెరికాలో వారాంతం తెలుగు క్లాసులు నడిపేవాళ్లకు ఒక లాభం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి దుకాణాల నిండా చామంతి కుండీలే. మూడు రంగులు కొంటే వరుసలు సాగిపోతాయి. తంగేడు, గునుగు బదులు పిల్లల చేత ముడతల కాగితంతో పూలు చేయించండి, కానీ మొత్తం కాగితం బతుకమ్మ చేయకండి. కనీసం ఒక వరుస అయినా వాసన వచ్చే పువ్వు ఉండాలి.

సెలవులయ్యాక

ఎండిన బంతిపూలు కొన్ని ముందే పక్కన పెట్టుకోండి. దసరా సెలవుల తర్వాత ఒక్కో పిల్లకు ఒక్కో పువ్వు ఇచ్చి రేకులు పీకమంటే కింద నల్ల మొదలు, తెల్ల కొసతో పుల్లల్లాంటి గింజలు బయటపడతాయి. కాగితం పొట్లంలో వేసి, పేరు రాసి, బీరువాలో దాచండి. డబ్బాలో మూత పెట్టి ఉంచితే బూజు పడుతుంది, నాకు ఒక ఏడాది అలాగే మొత్తం పోయాయి. జూన్‌లో బడి తెరిచాక, మొదటి నాలుగు వానలు పడనిచ్చి, జులై మొదట్లో గోడ వెంట చల్లితే పెత్రమాస నాటికి బంతి విరగబూస్తుంది. మా దగ్గర పొట్లాల మీద పేర్లు పిల్లలే రాసుకుంటారు. ఒకటో తరగతిలో రాసిన వంకర అక్షరాల పొట్లాన్ని రెండో తరగతిలో తెరిచేటప్పుడు "టీచర్, ఇది నేను రాసిన్నా?" అని నమ్మరు.